మీరేవిట్లు?

శ్రీకాకుళంలోగానీ విజయనగరంలోగానీ టూలెట్ బోర్డు చూసి గేటు తీసిన మనిషిని ఇంటివాళ్లు ముందుగా అడిగేది ఎంతమందుంటారని కాదు. అద్దె ఎంత ఇచ్చుకోగలరని కూడా కాదు. "మీరేవిట్లు?" అని. ఏ కులస్తులని అర్థం. అడిగేవాళ్లకీ చెప్పేవాళ్లకీ విడమర్చి చెప్పనక్కర్లేని మాట. తూర్పుకాపులమనో, వెలమలమనో, కాళింగులమనో అంటే మాట ముందుకు సాగుతుంది. ఊరేది, ఇంటిపేరేది, ఫలానావాళ్లు మీకేమవుతారు అని చుట్టరికం దాకా పోయి చివరికి తాళంచెవి చేతికొస్తుంది. మాలలమన్నా, రెల్లివాళ్లమన్నా అక్కడే ఆగుతుంది. మా దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న దాకా కూడా రాదు. పేరు చెప్పగానే పని అయిపోతుంది.

ఈ విజయనగరంలో కూర్చునే గురజాడ 1910లో 'మీ పేరేమిటి?' అన్న కథ రాశాడు. శైవుల దేవుడు గొప్పా, వైష్ణవుల దేవుడు గొప్పా అన్న తగవు మీద రాసిన కథ అది. ఆ ఏడే 'పెద్ద మసీదు' అని ఇంకో కథ రాశాడు. తెలుగు కథ కళ్లు తెరుస్తూనే మసీదును చూసిందని మేం ఒప్పుకుంటాం. మసీదు కథ కాగలిగింది. ఆ మసీదు వెనక సందులో వాటాలో అద్దెకుండే సాయిబు నూటపదేళ్లు దాటినా మా ప్రాంతపు కథలో సరిగ్గా కాలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదన్నదే ఇక్కడ మా విచారణ.

ముందు మేం ఎంతమందిమో చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో అప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. అయినా నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం కాదు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచిన రోజులున్నాయి. ఉత్తర సర్కారుల్లో అదొక సర్కారు. ఆ ఊళ్లో జుమ్మా మసీదు కట్టించింది కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్. విజయనగరంలో బాబామెట్ట మీద ఖాదర్‌వలీ బాబా దర్గాకు ఉర్సు రోజుల్లో వచ్చే జనంలో ముస్లింల కంటే హిందువులే ఎక్కువ. చరిత్రకు ఫౌజ్‌దారు కావాలి. మొక్కుకు బాబా కావాలి. జానపదుల బొబ్బిలి కథకు హైదర్ జంగ్ కావాలి. 1757 నాటి యుద్ధం గురించి బుర్రకథ విన్న ప్రతి పిల్లాడికీ ఆ పేరు తెలుసు. ఇక పంక్చర్లు వేసేవాడు, పరుపులు కుట్టేవాడు, సాలూరులో లారీల కింద పడుకుని గ్రీజు పూసుకునేవాడు, బిర్యానీ బండివాడు, వీళ్లు ఏ రాత్రి ఏ కప్పు కింద పడుకుంటారో ఎవరికీ పట్టలేదు.

హైదరాబాదు ముస్లింవాద కవులు పాతబస్తీ గురించి రాశారు. కర్నూలు, గుంటూరు, నల్లగొండ నుంచి మొహల్లా గురించి రాశారు. మాకు మొహల్లా అని చెప్పుకోదగ్గది లేదు. మసీదు చుట్టూ రెండు మూడు సందులు, అందులో తాతల నాటి పెంకుటిళ్లు, అన్నదమ్ములు పంచుకుని పంచుకుని గదికొక సంసారం. కొత్తగా పెళ్లయినవాడికి అక్కడ చోటు లేదు. ఒంగోలు నుంచో రాయగడ నుంచో పనికొచ్చినవాడికి అసలే లేదు. కనక మేం బయటి వీధుల్లోకి పోవాలి, బయటి గేట్లు తీయాలి. 'ముస్లింలు తమ వాడల్లోనే గిరి గీసుకుంటారు' అని సెక్యులర్ మిత్రులు అప్పుడప్పుడూ మాకు హితవు చెబుతుంటారు. గిరి గీసుకోడానికి మాకు ఇక్కడ స్థలమేదీ?

మా ప్రాంతంలో చవకగా దొరికే ఇల్లు ఎలాంటిదో తెలియకపోతే ఈ విషయం అర్థం కాదు. ముందు ఇంటివాళ్లు, వెనక దొడ్డివైపు ఒకటిన్నర గది వాటా. నుయ్యి ఒకటే, లేదా కుళాయి ఒకటే. మరుగుదొడ్డి ఒకటే. బట్టలారేసుకునే తీగ ఒకటే. కరెంటుకు సబ్‌మీటరు, దాని యూనిట్ ధర ఇంటివాళ్లు చెప్పిందే. మీ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో వాళ్ల ముక్కుకు తెలుస్తుంది, మీ ఇంటికెవరొచ్చారో వాళ్ల అరుగుకు తెలుస్తుంది. అపార్ట్‌మెంట్‌లో తలుపు మూసుకుంటే ఎవడి గొడవ వాడిది. అందుకు కావలసిన అద్దె నెల జీతమున్నవాడికే అందుతుంది. ఎంత తక్కువ అద్దె ఇల్లయితే అంత దగ్గరగా, అంటూముట్టూ అంత పట్టింపుగా ఉంటుంది. డబ్బున్న ముస్లింకు ఇల్లు కష్టంగా దొరికితే, పేద ముస్లింకు దొరకకపోవడానికి అసలు కారణం ఈ దొడ్డివాటా నిర్మాణంలోనే ఉంది. పేదవాడు అద్దెను రెండు రకాలుగా కడతాడు, డబ్బుగా ఒకసారి, నడవడిగా ఇంకోసారి. మేం మూడో రకంగా కూడా కట్టాలి.

మా ఊళ్లలో ఎవరూ కటువుగా కాదనరు. ఇది ఒప్పుకోవాలి. కొట్లాట ఉండదు, తిట్టు ఉండదు. "మాకేటీ అభ్యంతరం నేదమ్మా, పెద్దావిడికి మడీ ఆచారం." "మా అబ్బాయి విశాఖపట్నం నుంచి వచ్చెస్తన్నాడు." "నిన్ననే ఒకలు అడ్వాన్సిచ్చెళ్లిపోనారు." "రంగులెయ్యాలి, పై నెల్లో రండి." పై నెల్లో వెళ్తే బోర్డు అలాగే ఉంటుంది, రంగులూ అలాగే ఉంటాయి. మాలో ఇల్లు వెతికే పని ఎక్కువగా ఆడవాళ్లదే. మగవాడు పనిలో ఉంటాడు, ఇంటివాళ్లలో మాట్లాడాల్సింది ఇల్లాలితో. కనక ఈ తీయటి మాటలన్నీ వినేది మా అక్కలూ చెల్లెళ్లే. బురఖా ఇంట్లో వదిలేసి వెళ్లినవాళ్లున్నారు. బొట్టుబిళ్ల పెట్టుకుని వెళ్లినవాళ్లున్నారు. షాహీన్ పేరును 'శైని' అని చెప్పి, రెండు నెలలు కాపురం చేసి, రంజాన్‌లో సహరీకి లేచి లైటు వేసిన రోజున దొరికిపోయినవాళ్లు మాకు తెలుసు. దొరికిపోవడం అనే మాట వాడాల్సి వస్తోంది చూడండి, ఏం దొంగిలించారని?

'నీచు తింటారు కదండీ' అన్న మాట ఒకటి. ఎండు మెత్తళ్ల వాసన లేని వీధి మా రెండు జిల్లాల్లో ఎక్కడుందో చూపించమనండి. ఆదివారం కోడి కోయని తూర్పుకాపు ఇల్లు ఎక్కడుంది? నీచు అంటే ఇక్కడ మాంసం కాదని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఆ మాట వెనక ఇంకో మాంసం ఉంది, దాని పేరు పలకరు.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. కాళీపట్నం రామారావు మాస్టారు 'నోరూమ్' అని కథ రాశారు. ఒక పేద జంటకు తమదంటూ నాలుగు గోడల చాటు దొరకని కథ. ఆలుమగలన్నాక తలుపు వేసుకోడానికి ఒక గది కావాలి, అది కూడా డబ్బున్నవాడి హక్కేనా అని అడిగిన కథ అది. ఇంటి సమస్యను ఇంత లోతుగా, శరీరం దాకా వెళ్లి చూసిన కథ తెలుగులో అరుదు. దాన్ని చదివినప్పుడల్లా ఇది మా కథేననిపిస్తుంది. ఒక గదిలో అత్తామామలు, మరుదులు, మధ్యలో చీర కట్టిన తెర, మాలో ఎంతమంది పెళ్లిళ్లు ఇలా మొదలయ్యాయో! మాస్టారి మీద మాకు గౌరవం ఉంది. అవార్డు సొమ్ముతో శ్రీకాకుళంలో 1997లో కథానిలయం పెట్టి కథకంతటికీ ఒక ఇల్లు కట్టిన మనిషి ఆయన.

ఆ కథలోని జంట ముస్లిం జంట కాదు. కాకపోవడం తప్పు కాదు. నూటికి ఒక్కరు లేని మనుషులు ప్రతి కథలో ఉండాలని మేం లెక్క కట్టి అడగడం లేదు. మా తగవు ఆ కథతో కాదు, దాన్ని చదివిన పద్ధతితో. మా ప్రాంతపు ప్రగతిశీల విమర్శ 'నోరూమ్'ను వర్గం కథగా మాత్రమే చదివింది. గది లేనివాడికి డబ్బు లేదు, డబ్బు వస్తే గది వస్తుంది అన్నది ఆ చదువు. మేం చదివితే పేరు దగ్గరే ఇంకో తలుపు కనిపిస్తుంది. లాడ్జి కౌంటరు మీద రిజిస్టరు ఉంటుంది, అందులో పేరు రాయాలి. డబ్బు తెచ్చినా ఆ గడి దగ్గర ఆగిపోయేవాడు ఒకడున్నాడని విమర్శకులకు తట్టలేదు. భూమి మీద ఇంత గొప్ప సాహిత్యం వచ్చిన నేల ఇది. చాసో ముష్టివాళ్ల గురించి రాశాడు. రావిశాస్త్రి కోర్టులకెక్కిన బీదల గురించి రాశాడు. 1967 తర్వాత గిరిజనుల పోరాటం తెలుగు కథను తిప్పేసింది. భూమి రాజకీయమైంది. అద్దె మాత్రం ఇంటి విషయంగా, ఆడవాళ్ల గొణుగుడుగా మిగిలిపోయింది. కౌలుదారు గురించి వంద కథలొస్తే అద్దెదారు గురించి పది రాలేదు. ఇద్దరూ ఇంకొకడి సొత్తు మీద బతికేవాళ్లే, ఇద్దర్నీ ఏ పూటైనా లేచిపొమ్మనవచ్చు.

ముస్లింవాద సాహిత్యం ఈ ఖాళీని కొంత పూడ్చింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథలు వచ్చాక మా పేరు మేం పలకడం నేర్చుకున్నాం. ఇంటి అద్దె విషయంలో మాత్రం స్కైబాబ 'వెజిటేరియన్స్ ఓన్లీ' కథనే చెప్పుకోవాలి. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునే ముస్లింల కథ. తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లిన ఆయన కథల పుస్తకానికి ఆ కథ పేరే పెట్టారు. ఆ పేరులోనే ఒక బోర్డు ఉంది. శాకాహారం పేరుతో ఎవర్ని ఏరేస్తున్నారో ఆ కథ సూటిగా పట్టుకుంది. అది చదివిన హిందూ మిత్రులు కొందరు సిగ్గుపడ్డారు కూడా. మంచిదే.

ఆ కథకు రుణపడుతూనే దాని నుంచి ఒక అడుగు పక్కకు వేయాలి. మహానగరంలో బోర్డు ఉంటుంది, కనక పోట్లాడటానికి ఒక వస్తువుంది. మా చిన్న ఊళ్లలో బోర్డు లేదు, మర్యాద ఉంది. మర్యాద మీద కథ రాయడం కష్టం. నగరంలో ఒక వీధి కాదంటే ఆటో ఎక్కి ఇంకో పేటకు పోవచ్చు, చివరికి పాతబస్తీ ఉంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర కాదన్న మాట సాయంత్రానికి కంటోన్మెంటుకు చేరుతుంది. 'ఆళ్లు ఇల్లు ఎతుకుతన్నారట' అని. ఇంకోటి, నగరం కథల్లో ఇల్లు వెతికేవాడు చాలాసార్లు చదువుకున్నవాడు, అవమానాన్ని అవమానమని పేరు పెట్టి పిలవగలిగినవాడు. మా పరుపులు కుట్టే నూర్‌బాషా మనిషికి అదొక నసీబు. అడిగితే 'వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం' అంటాడు. ఆ మనిషి మాటను ఆ మనిషి నోటితోనే చెప్పించగలిగిన కథ మాలోంచి ఇంకా రాలేదు.

వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. చట్టం కూడా అదే మాట అంటోంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దె ఎంత ఉండాలో, ఏ కారణాలకు ఖాళీ చేయించవచ్చో చెప్పింది. ఎవరికి ఇవ్వనంటే తప్పో చెప్పలేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సుకూ ఒప్పందానికీ లెక్కలు కట్టింది, ఈ సంగతి మాత్రం ముట్టుకోలేదు. రాజ్యాంగం పదిహేనో అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర మతం పేరుతో, కులం పేరుతో ఆపకూడదంది. దొడ్డివాటా ఆ జాబితాలో లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదు పార్సీల హౌసింగ్ సొసైటీ తమవాళ్లకు తప్ప ఇళ్లు అమ్మబోమన్న నిబంధనను చెల్లుతుందంది. ఒక చిన్న మైనారిటీ తన కోసం తెచ్చుకున్న ఆ తీర్పు ఇవాళ ఎవరికి ఎక్కువ ఉపయోగపడుతుందో ఆలోచించండి. 2006లో సచార్ కమిటీ ముస్లింలకు ఇళ్లు అద్దెకివ్వరన్న ఫిర్యాదును రికార్డు చేసింది. 2015లో సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల పరిశోధన చేసి ఇంటివాళ్లు దళితుల్నీ ముస్లింల్నీ ఎలా తిప్పి పంపుతారో చూపించారు. చూపించడం వరకే జరిగింది.

ప్రభుత్వం ఇల్లంటే సొంత ఇల్లే అనుకుంటుంది. ఇది అన్ని పార్టీలదీ ఒకటే ఆలోచన. 2020 డిసెంబర్ 25న రాష్ట్రంలో పేదలకు ఇళ్ల పట్టాలు మొదలయ్యాయి. అయిదు రోజుల తర్వాత విజయనగరం పక్కన గుంకలాంలో 397 ఎకరాల్లో 12,301 స్థలాల కాలనీకి అప్పటి ముఖ్యమంత్రి వచ్చి పట్టాలిచ్చారు. పట్టణ పేదకు సెంటు స్థలం, ఆడవాళ్ల పేరు మీద. విమర్శించాల్సినవి చాలా ఉన్నాయి, పని ఊళ్లో ఉంటే స్థలం ఊరవతల. కానీ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ప్రభుత్వం జాబితా 'మీరేవిట్లు' అని అడిగి తలుపు వేయదు. సాయిబు పక్కన రెల్లివాడు, రెల్లివాడి పక్కన కాపు, ఎవరి పక్కన ఎవరని అరుగు మీద కూర్చున్న పెద్దావిడ తేల్చని వీధి మా ప్రాంతంలో ఏదైనా ఉంటే అలాంటి కాలనీలోనే ఉండాలి.

ఆ జాబితాలోకి ఎక్కడం ఎలా అన్నది వేరే కథ. రేషన్ కార్డు కావాలి, కార్డుకు చిరునామా కావాలి, చిరునామాకు అద్దె కాగితం కావాలి. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి గనక రాసేవాళ్లు పదకొండు నెలలకే రాస్తారు. వాటా ఇచ్చే ఇంటివాళ్లు అదీ రాయరు, పన్ను పెరుగుతుందని, మనిషి కదలడని భయం. నోటిమాట మీద ఉన్నవాడు ఊళ్లో ఉన్నట్టే కాదు. రెండేళ్లకో ఇల్లు మారేవాడి ఓటు ఒకచోట, కార్డు ఒకచోట, పిల్లల బడి ఇంకోచోట. 2007లో ముస్లింలలో వెనకబడినవాళ్లకు నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ కోసం వెళ్లినా ముందడిగేది 'ఎక్కడుంటున్నారు?' అనే. 2020 జూలైలో, లాక్‌డౌన్‌లో కూలీలు కాలినడకన ఊళ్లకు పోయాక, కేంద్రం మొదటిసారి పట్టణ పేదల అద్దె ఇళ్ల పథకం ఒకటి తెచ్చింది. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకివ్వడం అందులో ఒక దారి. 2011 లెక్కల్లోనే దేశంలో పట్టణాల్లో కోటి పైచిలుకు ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆలోచన సరైనదే. మా రెండు జిల్లాల్లో పరుపులు కుట్టేవాడికి ఆ పేరుతో తాళంచెవి అందిన జాడ మాకు కనపడలేదు.

2025 మే నెల తర్వాత ఇంకో పొర చేరింది. పేలుళ్లకు కుట్ర పన్నారన్న కేసులో విజయనగరం యువకుణ్ణి ఒకణ్ణి పోలీసులు అరెస్టు చేశారు, కేసు ఎన్ఐఏ చేతికెళ్లింది. నేరం చేసిందీ లేనిదీ కోర్టు తేలుస్తుంది, చేసినవాడికి శిక్ష పడాలి, ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ ఇంటివాళ్లకు ఇప్పుడు మడీ ఆచారం కంటే గౌరవమైన కారణం దొరికింది. "పోలీసోళ్లతోటి మాకెందుకమ్మా." ఈ మాటకు జవాబేదీ? ఆధార్ జిరాక్సులు నాలుగిస్తాం, మసీదు పెద్దతో చెప్పిస్తాం, పాత ఇంటివాళ్ల నంబరు ఇస్తాం. ఇవన్నీ ఇచ్చాక కూడా మా గురించి ఎవరో ఒకరు పూచీ పడాలి. ఒక కుర్రాడి కేసుకు ఊరంతా ఉన్న సాయిబులు పూచీకత్తు వెతుక్కోవాలా? ఏ కులంవాడు నేరం చేసినా ఆ కులస్తులందరి అద్దె ఇళ్లకు తాళాలు పడవు కదా.

బయటివాళ్ల మీద ఇంత రాసి లోపలి సంగతి దాచడం మర్యాద కాదు. మసీదు చుట్టుపక్కల ఇళ్లున్న మా పెద్దలు ఏం చేస్తున్నారు? ఇంకెక్కడా ఇల్లు దొరకదని తెలిసిన ముస్లిం దగ్గర బజారు కంటే ఎక్కువ అద్దె తీసుకునే ముస్లిం ఇంటివాళ్లు మాకు తెలుసు. 'ఇల్లు ఖాళీ లేదు భాయ్' అని దూదేకులవాళ్లను పంపించేసి పఠాన్లకో సయ్యద్‌లకో ఇచ్చినవాళ్లు తెలుసు. భర్త వదిలేసిన ఆడమనిషి అడిగితే 'మగదిక్కు లేకుండా ఎలా' అన్నవాళ్లు తెలుసు. దళితుడొచ్చి అడిగితే మా నోటినుంచీ 'మీరేవిట్లు?' అనే వచ్చింది. ఇస్లాంలో కులం లేదని జుమ్మా రోజున చెప్పుకుని శనివారం కులం చూసి తాళంచెవి ఇస్తున్నాం. రెల్లివాడితోనూ మాలవాడితోనూ కలిసి ఈ ప్రశ్నను ఎదిరించాల్సినవాళ్లం, ముందు మన అరుగుల మీద నుంచి దాన్ని దించాలి. దళితుడు కులం దాచి వాటా సంపాదించగలడేమో, మేం పేరు దాచలేం అని కొందరు తేడా చూపిస్తారు. దాచుకుని బతకడంలో సుఖం ఎంతుందో 'శైని'గా బతికిన మా చెల్లెల్ని అడగండి.

వక్ఫ్ సంగతి కూడా మాట్లాడాలి. సచార్ కమిటీ లెక్కల్లో దేశంలో రిజిస్టరైన వక్ఫ్ ఆస్తులు నాలుగు లక్షల తొంభై వేల పైన, వాటి మీద వచ్చే ఆదాయం ఏడాదికి 163 కోట్లు. సక్రమంగా నడిపితే పన్నెండు వేల కోట్లు రావచ్చని ఆ కమిటీ అంచనా. 2025లో వక్ఫ్ చట్టాన్ని సవరించినప్పుడు దేశమంతా పెద్ద చర్చ జరిగింది. మేమూ ఊరేగింపుల్లో నడిచాం. ఆస్తి మనదేనని చెప్పడం అవసరం. ఆ ఆస్తి మీద షాపులు కట్టి అద్దెలు వసూలు చేసే కమిటీలు, ఒక వరస గదులు కట్టి పేదలకు న్యాయమైన అద్దెకు ఇవ్వాలని ఎప్పుడైనా తీర్మానం చేశాయా? చేస్తే ఆ గదులకు అద్దె రశీదు ఇవ్వాలి, ఒప్పందం రాసివ్వాలి, ఆ కాగితం పట్టుకుని మనిషి రేషన్ కార్డుకు వెళ్లగలగాలి. ముస్లిమేతర పేదవాడికీ అందులో వాటా ఉండాలి, మూడు గదులైనా, రెండు గదులైనా. ఇక ఆ గదులకు అర్జీలొచ్చిన రోజున, కమిటీ గదిలో కార్పెట్ మీద కూర్చున్న పెద్దలు పేర్లు చదువుతున్నప్పుడు, నూర్‌బాషా మనిషి పేరూ, వదిలేసిన ఆడమనిషి పేరూ ఆ వరసలో ఎన్నోదిగా వస్తాయో చూడాలని మాకుంది.